కోల్డు పక్కన పచ్చచుక్క

మా ఆయన్ని పెళ్లైన నాటి నుంచి నేను ‘ఏమయ్యా’ అనే పిలిచాను. ఫ్యాక్టరీలో ఆఫీసు చాట్ వచ్చిన రోజు నుంచి ఆయన ‘కోల్డు’ అయిపోయాడు. నేనేమో ‘టోకెన్లు’. ఒకే ఇంట్లో తిని, ఒకే బండి మీద పనికి పోయి, గేటు దాటగానే కోల్డు ఒక దిక్కుకు, టోకెన్లు ఇంకో దిక్కుకు నడిచిపోయేవాళ్లం.

అది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. చిత్తూరు నుంచి తిరుపతి పోయే దారిలో ఉంటుంది. తోతాపురి కాయ దిగే కాలంలో గేటు బయట ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడతాయి. వచ్చిన ప్రతి ట్రాక్టరుకూ టోకెను ఇచ్చి కంప్యూటరులో ఎక్కించడం నా పని. గుజ్జు డబ్బాలు నిలవ ఉంచే చల్లగదుల మిషన్లు చూసుకోవడం ఆయన పని. ఆ గదులకు చలి పుట్టించేది అమోనియా గ్యాసు. సాయంత్రం ఇంటికొస్తే ఆయన చొక్కాకు సన్నగా ఆ వాసన ఉండేది. పెళ్లైన కొత్తలో ముక్కు మూసుకునేదాన్ని. తర్వాత్తర్వాత ఆ వాసన లేకపోతేనే, ఈ మనిషి ఈరోజు నిజంగా పనికే పోయాడా అని అనుమానపడేదాన్ని.

చాట్ పెట్టించింది చెన్నైలోని హెడ్డాఫీసు. పొద్దున్నే కంప్యూటరు తీసి, ఇంటర్నెట్టులో ఆ పేజీ తెరిస్తే ఎడమ పక్కన వరసగా పేర్లు కనిపించేవి. గేటు, కాటా, టోకెన్లు, కటింగు, బాయిలరు, కోల్డు. అన్నీ సెక్షన్ల పేర్లే, ఒక్క మనిషి పేరూ లేదు. సీజనుకు వచ్చి సీజను కాగానే పోయే పనివాళ్లకు పేర్లు ఎక్కించి, తీసేసి, ఎవరు చస్తారు అన్నాడు దాన్ని బిగించడానికి వచ్చిన కుర్రాడు. ఒకసారి తెరిచిపెట్టి పోయాడు, మళ్లీ మూయొద్దన్నాడు. పేరు పక్కన చిన్న పచ్చచుక్క ఉంటే ఆ సెక్షను ‘ఉన్నట్టు’. నిజానికి ఆ చుక్క చెప్పేది కంప్యూటరు వెలుగుతోందని మాత్రమే. దాని ముందు మనిషి ఉన్నాడో లేడో దానికి తెలియదు. ఆ తేడా అప్పుడు మాలో ఎవరి బుర్రకూ ఎక్కలేదు.

దానితోపాటు కొత్త కట్టుబాట్లూ వచ్చాయి. గుజ్జులో పడతాయని లోపలికి ఫోన్లు తేకూడదు. ఒక సెక్షను మనిషి ఇంకో సెక్షనుకు నడిచిపోయి మాట్లాడకూడదు. ఏదున్నా గ్రూపులో పెట్టు. మిషను ఆగిందా, గ్రూపులో పెట్టు. తలనొప్పా, గ్రూపులో పెట్టు. అంతకుముందు మా ఆయన ఏదైనా అవసరముంటే ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చి అద్దం మీద వేలితో టక్కుటక్కుమని కొట్టేవాడు. మేనేజరు తల ఎత్తేదాకా అక్కడే నిలబడేవాడు, విసుక్కున్నా కదిలేవాడు కాదు. చాట్ వచ్చాక ఆ టక్కుటక్కు ఆగిపోయింది. నాకు మొదట్లో ప్రాణం హాయిగా ఉండింది కూడా, నలుగురిలో మొగుడు అట్లా నిలబడి తిట్లు తినే పని తప్పిందని.

గ్రూపులో ఆయన్ని అందరూ ఆటపట్టించేవాళ్లు. ఏమడిగినా ఆయన జవాబు ఒకటే: “సూసి సెప్తా సార్.” టెంపరేచరు ఎంతుంది అంటే సూసి సెప్తా. డబ్బాలు సరిపోయాయా అంటే సూసి సెప్తా. ఇంట్లోనూ అంతే. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగితే, అంతకుముందే రెండు ముద్దలు మింగిన మనిషి, ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని, ఆగి, అప్పుడు చెప్పేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. “మింగినావు కదయ్యా, నాలిక యాడ పెట్టినావు?” అనేదాన్ని. పదో క్లాసు చదివే మా పాప కూడా వాళ్ల నాయన్ని ఏదైనా అడిగి, ఆయన నోరు తెరవక ముందే “సూసి సెప్తా” అని తానే అనేసి నవ్వేది.

ఇంట్లో నవ్వు బాగానే ఉండేది కానీ చెన్నై వాళ్లకు ఆ జవాబు గిట్టలేదు. వెంటనే బదులు రాని సెక్షన్లను ఎర్రరంగులో చూపిస్తూ వారం వారం గ్రూపులో పెట్టడం మొదలుపెట్టారు. చేతుల నిండా గుజ్జు ఉన్న కటింగు వాళ్లు, బొగ్గుమసి పూసుకున్న బాయిలరు వాళ్లు, గ్లోవ్స్ తొడుక్కుని చల్లగదిలో ఉండే మా ఆయన, వీళ్లంతా ఎప్పుడూ ఎర్రలోనే. తిట్లేమో మా షిఫ్టు సూపర్‌వైజరుకు పడేవి.

ఆయన పుత్తూరు పక్క మనిషి. నన్ను నోరారా ‘అమ్మా’ అని పిలిచేవాడు, నేను ‘అన్నా’ అనేదాన్ని. కొండకు పోయొస్తే మరవకుండా అందరికీ తలా ఒక చిటికెడు లడ్డు పెట్టేవాడు. ఇంకొకడికి మాట పడితే తనకు పడినట్లు బాధపడే రకం. ఈ ఎర్ర గొడవకు ఆయనే ఒక ఉపాయం కనిపెట్టాడు. అన్ని సెక్షన్ల పాస్‌వర్డులూ ఆయన దగ్గర ఉండేవి. ఒకరోజు పిలిచి తన కంప్యూటరు చూపించాడు. తెర మీద వరసగా ఒక్కో సెక్షను చాట్ పేజీ తెరిచి ఉంది.

“ఇదో, ఇది గేటు. ఇది బాయిలరు. ఇది కోల్డు. అందరూ నా కాడనే ఉండారు సూడుమ్మా” అన్నాడు మురిసిపోతూ. “పాపం, వాళ్ల సేతులు ఖాళీగా ఉండవు. చెన్నై వాళ్లు అడిగితే ఓకే సార్ అని నేనే కొట్టేస్తా ఉండాను. వారం నించి ఒక్క ఎరుపూ లేదు.”

అదే సమయానికి చెన్నై నుంచి ఏదో ప్రశ్న వచ్చింది. నా కళ్ల ముందే ఆయన ‘బాయిలరు’లోకి పోయి ఓకే అన్నాడు, ‘కటింగు’లోకి పోయి ఓకే అన్నాడు, ‘కోల్డు’లోకి పోయి ఓకే అన్నాడు. మా ఆయన పేరుతో, అంటే మా ఆయన సెక్షను పేరుతో, ఆ మాట తెర మీదికి రావడం చూస్తుంటే నాకు నచ్చలేదు. ఎందుకో ఆ క్షణంలో చెప్పలేకపోయాను. మంచిపని చేస్తున్న మనిషిని ఏమని కాదంటాం? అందరూ ఆయనకు చేతులెత్తి దండం పెట్టారు. నేనూ పెట్టాను.

ఆ సాయంత్రం ఇంట్లో ఆ సంగతి చెప్తే మా ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు.

“నా నోట్లో నించి ఆయప్ప మాట్లాడితే ఎట్ల మే? నేను సూడందే ఆయప్పకు యాడ తెలుస్తాది?”

“నీకు ఎర్రలో పడకుండా సేస్తా ఉంటే సంతోషపడవేమయ్యా” అన్నాను.

“సరేలే” అన్నాడు. కానీ ఆ పూట సరిగా తినలేదు.

కాయ జోరుగా దిగుతున్న రోజులు. మిషన్లకు ఊపిరాడడం లేదు. ఒక వాల్వు దగ్గర వాషరు అరిగిపోయిందని, మార్చాలంటే ఒక పూట మిషను ఆపాలని మా ఆయన గ్రూపులో పెట్టాడు. ఆయన పెట్టిన మాట కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. గేటు దండం, కాటా దండం, మేనేజరు దండం. చెన్నై నుంచి బొటనవేలు వచ్చింది. అందరూ చూశారు కాబట్టి ఎవరో ఒకరు చేస్తారని అందరూ అనుకున్నారు. మిషను మాత్రం ఆగలేదు. మర్నాడు మళ్లీ పెట్టాడు. మళ్లీ దండాలు. మూడోసారి పెట్టబోతే సూపర్‌వైజరు అన్న, “సీజను అయిపోనీ అప్పా, ఒక్కసారిగా అన్నీ సేయిద్దాం” అన్నాడట. గ్యాసు కారితే మోగడానికి పాతకాలం గంట ఒకటి ఉండేది. ఊరికూరికే మోగి పని చెడగొడుతోందని ఎప్పుడో దాని వైరు పీకేశారు. ఏదైనా అయితే గ్రూపులో వస్తుంది కదా అన్నారు.

అది జరిగిన రోజు పొద్దున టీకి బయటికొచ్చినప్పుడు నాకు ఒకటి కనిపించింది. మామిడి సీజనులో మా ఫ్యాక్టరీలో ఈగలు లేని చోటు ఉండదు. టీ గ్లాసు మీద, చేతి మీద, రెప్ప మీద కూడా వాలతాయి. చల్లగదుల వెనక మురుగుకాలువ దగ్గరైతే నేల కనిపించదు. ఆ రోజు అక్కడ ఒక్క ఈగా లేదు. ఎండకు ఆ గోడకు ఆనుకుని పడుకునే రెండు కుక్కలు కూడా అంత దూరాన, లారీ కింద దుమ్ములో పడుకుని ఉన్నాయి. చల్లటి గోడను వదిలేసి వేడి దుమ్ములోకి ఎందుకు పోయాయా అనుకున్నాను. మనసు కీడు శంకించింది. నడిచిపోయి మా ఆయనకు చెబుదామని రెండడుగులు వేశాను కూడా. ఇంతలో గేటు దగ్గర టోకెన్లకు కేకలు మొదలయ్యాయి. వెనక్కి తిరిగాను.

మధ్యాహ్నం కూర్చుని టోకెన్లు ఎక్కిస్తున్నాను. తెర మూలన చాట్ తెరిచే ఉంది. చెన్నై నుంచి మాట వచ్చింది: “కోల్డు, టెంపరేచర్ పెరుగుతున్నట్టు ఇక్కడ చూపిస్తోంది. అంతా బాగుందా?”

ఇంకా ఆ వాక్యం చదవడం నాకు పూర్తి కాలేదు. కింద జవాబు పడింది.

“కోల్డు: ఓకే సార్. ఆల్ నార్మల్.”

అది మా ఆయన మాట కాదు. ఆయనైతే గ్లోవ్స్ విప్పాలి, తలుపు తోసుకుని కంప్యూటరు ఉన్న క్యాబినులోకి రావాలి, ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొట్టాలి. అప్పుడు కూడా కొట్టేది ఓకే కాదు. తల తిప్పి చూశాను. అద్దాల గదిలో సూపర్‌వైజరు అన్న ఒక చెవికి ఆఫీసు ఫోను ఆనించుకుని, ఇంకో చేత్తో కీబోర్డు కొడుతున్నాడు. తలుపు దగ్గరికి పోయి అడిగాను.

“అన్నా, కోల్డులో మా ఆయన ఉండాడా?”

ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి నవ్వాడు. “ఉండాడు లేమ్మా. పచ్చగా ఉండాది సూడు.”

చూశాను. పచ్చగానే ఉంది.

నాకు కాలు నిలవలేదు. సీటు వదిలి పోకూడదని తెలుసు, టోకెన్లకు మనుషులు నిలబడి ఉన్నారని తెలుసు. అయినా పోయాను. యార్డు సగం దాటేసరికి కళ్లు మండాయి. ఇంకో పదడుగులకు గొంతు పట్టేసింది. అది చొక్కాకు ఉండే వాసనే. కానీ అంత వాసనను నేను ఎప్పుడూ ఎరగను. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని క్యాబిను కిటికీలోంచి చూశాను. కంప్యూటరు వెలుగుతూ ఉంది. కుర్చీ ఖాళీ. అవతల మిషన్ల గది తలుపు సందులోంచి తెల్లటి పొగ నేల మీద పాకుతూ వస్తోంది.

ఎంత గట్టిగా అరిచానో నాకు తెలియదు. కటింగు హాల్లోంచి ఆడవాళ్లు గుజ్జు చేతులతోనే బయటికి పరుగెత్తారు. బాయిలరు దగ్గరి ఇద్దరు మనుషులు గోనెసంచులు నీళ్లలో ముంచి తలకు చుట్టుకుని లోపలికి దూకారు. వాళ్లు లోపలున్నంతసేపు నేను ఆ తలుపు వైపే చూస్తూ నిలబడ్డాను. దేవుణ్ణి కూడా తలుచుకోలేదు. ఓకే సార్, ఓకే సార్ అని ఆ మాటే తలలో తిరుగుతోంది. వాల్వు తిప్పే చక్రం దగ్గర పడి ఉన్నాడట. చెయ్యి దాన్ని వదల్లేదట, విడదీసి తెచ్చారు. కళ్లు వాచిపోయి మూసుకుపోయాయి. నోరు తెరిచి ఉంది. అందులోంచి వచ్చే శబ్దం మనిషిది మాదిరి లేదు. బకెట్లతో నీళ్లు పోస్తూనే ఉన్నారు.

అంబులెన్సు వచ్చింది. ఈడ కాదు, నేరుగా తిరుపతికి తీసుకుపోదాం అన్నారు. నా బ్యాగులో ఆయన ఆధార్ కార్డు, ఆసుపత్రి కార్డు ఉన్నాయని గుర్తొచ్చి ఆఫీసులోకి పరుగెత్తాను. నా కంప్యూటరులో చాట్ అట్లాగే తెరిచి ఉంది. చెన్నై వాళ్లు అడుగుతున్నారు: “కోల్డు, ఇప్పుడు పరిస్థితి ఏమిటి?”

దాని కింద సన్న అక్షరాల్లో కనిపించింది: కోల్డు టైప్ చేస్తున్నారు.

కోల్డు బయట యార్డులో స్ట్రెచరు మీద ఉన్నాడు. నేను అద్దాల గదిలోకి చూశాను. సూపర్‌వైజరు అన్న చెమటలు కక్కుతూ కొడుతున్నాడు. నన్ను చూసి ఆగాడు. మళ్లీ తల దించుకుని కొట్టాడు. నా తెర మీద మాట పడింది: “కోల్డు: అండర్ కంట్రోల్ సార్.”

బ్యాగు తీసుకుని వచ్చేశాను.

ఆయన బతికాడు. చూపు మెల్లగా తిరిగొచ్చింది. గొంతు రాలేదు. చాలా దగ్గరికి పోయి వింటే గాలి కదిలినట్లు ఏదో వినిపిస్తుంది, అంతే. ఆసుపత్రిలో ఉండగానే చెన్నై నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు, చాట్‌ను కాగితాల మీద అచ్చు వేసుకుని. వెనకాల బత్తాయిల సంచితో సూపర్‌వైజరు అన్న. ఒకాయన మంచం పక్కన నిలబడి, చాలా మర్యాదగానే అడిగాడు.

“అంతా నార్మల్ అని మీరే కదా పెట్టారు? పెట్టిన తర్వాత ఏమైంది?”

మా ఆయన పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. చెయ్యెత్తి అడ్డంగా ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు.

“అది ఆయన పెట్టలేదు సార్. పెట్టినాయన మీ ఎనకాలే ఉండాడు” అన్నాను.

పెద్దమనిషి కాగితం నా వైపు తిప్పాడు. “ఐడీ కోల్డుదే కదమ్మా. కోల్డులో ఆరోజు ఎవరున్నారు? మీ ఆయనే కదా.”

“సెప్పన్నా” అన్నాను సూపర్‌వైజరు వైపు చూసి. ఆయన బత్తాయిల సంచి ముడి విప్పుతూ నిలబడ్డాడు. అబద్ధం చెప్పలేదు. అసలేమీ చెప్పలేదు. అందరి తరఫునా అన్నేసి జవాబులు చెప్పిన మనిషికి, తన తరఫున చెప్పాల్సిన ఒక్కటి దొరకలేదు. తర్వాత ఒంటరిగా వచ్చి, “మంచికే సేసినా తల్లీ” అని ఏడ్చాడు. నిజమే, మంచికే చేశాడు. ఆయన మంచివాడే. నాకు ఆయన మీద ఈరోజుకీ కోపమే.

ఆ ఫ్యాక్టరీ వదిలేశాం. ఇప్పుడు తిరుపతిలోనే చిన్న ఇల్లు తీసుకుని ఉంటున్నాం. నేను బస్టాండు వెనక ఒక లాడ్జీలో రూములు రాసే పని చేస్తున్నాను. అక్కడా కంప్యూటరులో గ్రూపు ఉంది, పచ్చచుక్కలున్నాయి. రూము శుభ్రం చేశారా అని అడిగితే ‘డన్’ అని వస్తుంది. నేను మెట్లెక్కి పోయి చూసి వస్తాను. నాతో పనిచేసేవాళ్లకు నేనంటే మంట. ఉండనీ.

మొన్న ఎండాకాలం, ఒంటిపూట బడులప్పుడు, మధ్యాహ్నం ఆయనకు ఫోనులో మెసేజి పెట్టాను: “ఎట్ల ఉండావు? మాత్ర ఏసుకున్నావా?” ఆయన మామూలుగా పెట్టేది ఒకటే. గొంతు పోయినా ఆ అలవాటు పోలేదు. ముందు ‘సూసి సెప్తా’ అని వస్తుంది, కాసేపటికి అసలు జవాబు వస్తుంది.

ఆ రోజు వెంటనే వచ్చింది. “ఓకే.”

కౌంటరు దగ్గర కేరళ నుంచి వచ్చిన కుటుంబం నిలబడి ఉంది. వాళ్లకు ఏమీ చెప్పకుండా లేచి పోయాను. ఆటో ఎక్కి, తొందరగా పోనీ అబ్బా, తొందరగా పోనీ అని దారి పొడుగునా వాడి ప్రాణం తీశాను. ఇంటి ముందు దిగి పరుగెత్తితే, వాకిట్లో మా పాప పుస్తకం ముందేసుకుని కూర్చుని ఉంది. పక్కనే వాళ్ల నాయన ఫోను.

“నాయన యాడ?”

“నిద్రపోతా ఉండాడు మా. నువ్వు కంగారు పడతావని ఓకే అని నేనే పెట్టినా” అంది నవ్వుతూ.

చెప్పులతోనే లోపలికి పోయాను. గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వంగి, ఆయన రొమ్ము మీద చెయ్యి ఆనించి, అది లేచి పడేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. లేచింది. పడింది. మళ్లీ లేచింది.

బయటికి వచ్చేసరికి పాప నా మొహం చూసి భయపడి నిలబడింది. కొడతాననుకుంది కాబోలు. దగ్గరికి తీసుకున్నాను.

“ఇంకెప్పుడూ నాయన బదులు నువ్వు సెప్పొద్దు మా” అన్నాను. “నేను అడిగితే ఆయప్పను లేపు. లేసినాక ఆయప్పనే సెప్పమను. లేవకపోతే, లేవలేదని పెట్టు.”